మేకలు, నాటుకోళ్ళు, కాపలా కుక్కలు: ఇంటివాళ్ళే చూసుకునే చిన్న పొలానికి మొదటి రోజు నుంచి మార్గదర్శి

పది మేకలు, ఒక పోతు, ముప్పై కోళ్ళు, రెండు కుక్కలు. పొలం పని చేసుకుంటూ ఇద్దరు మనుషులు సరిగ్గా చూసుకోగలిగేది ఇంతే అని మాకు కొన్నేళ్ళు పోయాక అర్థమైంది. మాది అనంతపురం వైపు మెట్ట నేల, నాలుగెకరాలు, వేరుశనగ, కంది, ఒక బోరు. మేకల గురించి విడిగా, కోళ్ళ గురించి విడిగా చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు గానీ మూడూ ఒకే దొడ్లో బతికితే ఏమవుతుందో చెప్పేవాళ్ళు మాకు దొరకలేదు. వెనక్కి తిరిగి చూస్తే మాకు పెద్ద నష్టం జరిగిన ప్రతిసారీ కారణం దాదాపు ఒకటే. ఒకదాని తిండి ఇంకోదాని నోటికి అందింది. కోళ్ళ మొక్కజొన్న మేకలు తిన్నాయి, చచ్చిన కోడిని కుక్క తిన్నది, కుక్క పెంట మేకల మేతలో కలిసింది. అందుకే ఇందులో ఏ అడుగు చెప్పినా ఆ సంగతి మళ్ళీ మళ్ళీ వస్తుంది, విసుక్కోకండి.

ముందు వరుస తేల్చుకోండి

చాలామంది ముందు కుక్కపిల్లను తెస్తారు, తర్వాత సంతలో మేకలు కొంటారు, మేత సంగతి ఎండాకాలంలో గుర్తొస్తుంది. దీన్ని పూర్తిగా తిరగేయాలి. మొదట మేత, తర్వాత కంచె, పాక, ఆ తర్వాత మేకలు, ఒకటి రెండు నెలలకు కోళ్ళు, అన్నిటికన్నా ఆఖర్న కుక్కపిల్ల.

కుక్కపిల్ల ఆఖర్న ఎందుకంటే, అది వచ్చేసరికి మేకలూ కోళ్ళూ అక్కడే ఉండాలి. రెండు నెలల వయసులో ఏ జీవాల వాసన మధ్య పెరుగుతుందో వాటినే తన ఇంటివాళ్ళు అనుకుంటుంది. ఎనిమిది నెలల కుక్క మొదటిసారి కోడిని చూస్తే అది దానికి పరిగెత్తే తిండిలాగే కనబడుతుంది, అందులో కుక్క తప్పేమీ లేదు. ఇంకో మాట, కుక్క నమ్మకంగా పనికొచ్చేది దాదాపు రెండేళ్ళ వయసుకి. అంటే మొదటి రెండేళ్ళూ కాపలా కాసేది కంచె, తలుపు, మీ టార్చిలైటు. ఆ లెక్కతోనే కంచె వేసుకోండి.

మొదటి అడుగు: మేత

పాతిక ముప్పై కిలోల నాటు మేక రోజుకు సుమారు మూడు నాలుగు కిలోల పచ్చిమేత తింటుంది, బయట తిప్పితే అందులో కొంత అక్కడే దొరుకుతుంది. పది మేకలంటే అర ఎకరం మేతకు వదిలేయాలి. మృగశిర కార్తెలో వానలు మొదలవగానే దశరథ గడ్డి చల్లుకోండి, గట్ల మీద అవిశ, సుబాబుల్, గ్లైరిసీడియా నాటండి. సుబాబుల్ మంచిదే గానీ మొత్తం మేతలో మూడో వంతుకి మించకూడదు, అందులో మైమోసిన్ అనే విషపదార్థం ఉంటుంది, ఎక్కువైతే వెంట్రుకలు ఊడతాయి, మేక చిక్కిపోతుంది. గ్లైరిసీడియాను మొదట్లో మేకలు వాసన చూసి పక్కకు పోతాయి. కోసి ఒక పూట వాడనిచ్చి వేరే మేతలో కలిపి వేస్తే వారం పది రోజుల్లో అలవాటు పడతాయి.

మేక గొర్రెలాగా నేల మీద గడ్డి కొరుక్కునే జీవం కాదు, తలెత్తి ఆకు తెంపుకునేది. మేత కింద వేస్తే తొక్కి పారేస్తుంది, అలా తొక్కిన దాన్ని తింటే నట్టలు, అంటే కడుపు పురుగులు, కూడా లోపలికి పోతాయి. కొమ్మలు కట్టలు కట్టి దాని మెడ ఎత్తులో వేలాడదీయండి. ఇది పైసా ఖర్చు లేని పని, దీనివల్ల మేతా మిగులుతుంది, మందుల ఖర్చూ తగ్గుతుంది.

ఎండాకాలానికి వేరుశనగ కట్టె, కంది పొట్టు దాచుకోవాలి. వామి తడవకుండా చూసుకోండి. బూజు పట్టిన వేరుశనగ కట్టె గానీ, నూనె తీయగా మిగిలిన చెక్క గానీ మేకకూ వద్దు, కోడికీ వద్దు, ఆ బూజులో పుట్టే విషం కాలేయాన్ని తినేస్తుంది. తుమ్మకాయలు ఏరి ఎండబెట్టుకుంటే ఏప్రిల్, మే నెలల్లో చాలా ఆసరా.

జొన్న విషయంలో జాగ్రత్త. వాన లేక వాడిపోయిన లేత జొన్న, కోసేసిన మోళ్ళ మీద వచ్చిన పిలకలు, వీటినే నాము అంటాం, ఇవి తింటే గంటలోపే మేక కింద పడిపోవచ్చు. జొన్న కోసిన చేలోకి కొత్త పిలకలు ఉండగా మందను వదలకండి. అలాగే కంచె పక్కన గన్నేరు ఉంటే పీకేయండి, ఆముదం మొక్కలుంటే గింజలు మేకలకు అందకుండా చూడండి.

రెండో అడుగు: కంచె, పాక, గూడు

పాక పొడవు తూర్పు పడమరలుగా ఉంటే మన ఎండలకు మంచిది. పెద్ద మేకకు పది చదరపు అడుగులు, పోతుకు ఇరవై. వీలైతే నేల నుంచి మూడు నాలుగు అడుగుల ఎత్తున చెక్కలతో మంచె వేసుకోండి, చెక్కల మధ్య అర అంగుళం నుంచి ముప్పావు అంగుళం సందు చాలు, పెంటికలు కిందికి రాలతాయి, పిల్లల కాళ్ళు ఇరుక్కోవు. మంచె వేసే స్తోమత లేకపోతే నేల కొంచెం ఎత్తు చేసి వాలుగా పెట్టి రోజూ ఊడవండి. మేక చలికి తట్టుకుంటుంది, తడికి తట్టుకోదు. వానాకాలంలో మేకలు చనిపోయే చోట్ల చాలావరకు తడి నేలే మొదటి కారణం.

కంచె కనీసం నాలుగున్నర అడుగులు. కిందివైపు వల సందులు చిన్నగా ఉండాలి, ఎందుకంటే కోళ్ళు బయటికి పోయే దారి, ఊరకుక్క లోపలికి వచ్చే దారి రెండూ కిందే. వలను ఒక అడుగు భూమిలోకి పాతిపెడితే నక్క తవ్వుకుని రాలేదు.

కోళ్ళ గూడు మేకల పాకకు దూరంగా కాకుండా, ఆనుకుని కూడా కాకుండా కట్టండి. గూటికి వేసే వల అరంగుళం సందుది కావాలి. మేము మొదట పెద్ద సందుల చైన్‌లింక్ వేశాం. ఒక్క రాత్రిలో ముంగిస పదకొండు కోళ్ళను మెడ కొరికి పడేసింది, తిన్నది ఒకటో రెండో. పొద్దున్నే మా అమ్మ ఆ గూటి ముందు కూర్చుండిపోయింది, ఆ రోజు ఇంట్లో పొయ్యి వెలగలేదు. వల మార్చడానికి అయిన ఖర్చు ఆ కోళ్ళ ఖరీదులో సగం కూడా లేదు.

కోళ్ళ దాణా డబ్బా ఎక్కడ పెడతారో ఇప్పుడే తేల్చుకోండి. గొళ్ళెం ఉన్న గది, లేదా బరువైన మూత ఉన్న ఇనుప డ్రమ్ము. మేక కొమ్ముతో మూత ఎత్తగలదు, తాడు ముడి విప్పగలదు. ఒక మధ్యాహ్నం మా రెండు మేకలు మొక్కజొన్న నూక బస్తా దొరికించుకుని కడుపు నిండా తిన్నాయి. గింజ ఒక్కసారిగా పొట్టలో పడితే అది పులిసి ఆమ్లం తయారవుతుంది, మేక పళ్ళు కొరుకుతుంది, లేవలేదు, ఒకటిన్నర రోజులో పోతుంది. ఒకటి బతికింది, ఒకటి పోయింది. ఇలా తిన్నట్టు అనుమానం వస్తే నీళ్ళు తాగించి సరిపెట్టుకోకండి, వెంటనే పశువుల డాక్టర్‌ను పిలవండి, గంటలు లెక్కలోకి వస్తాయి.

మూడో అడుగు: మేకలు కొనడం

సంతలో కొనొద్దు. సంతకు వచ్చే జీవాల్లో చాలావరకు ఎవరో వద్దనుకున్నవి, పైగా పది ఊళ్ళ రోగాలు అక్కడ కలుస్తాయి. మీ చుట్టుపక్కల మంద ఉన్న గొల్ల, కురుమ ఇళ్ళకు వెళ్ళి, వాళ్ళ దొడ్లోనే చూసి కొనండి. తల్లిని చూడండి, కవలలు వేసిన తల్లి కూతురైతే ఇంకా మంచిది. జాతి విషయంలో నా మాట సూటిగా చెబుతాను, మొదటిసారి పెంచేవాళ్ళు ఉత్తరాది నుంచి వచ్చే పొడవు చెవుల ఖరీదైన జాతుల జోలికి పోకండి. మన నాటు మేకలో, తెలంగాణ వైపైతే పక్కనే మహారాష్ట్రలో పుట్టిన నల్ల ఉస్మానాబాదీయో తీసుకుంటే మన ఎండనూ మన కంపనూ తట్టుకుంటాయి.

నోరు తెరిచి పళ్ళు చూడండి. అన్నీ చిన్న పాలపళ్ళే ఉంటే ఏడాది లోపు, ముందర రెండు పెద్ద పళ్ళు వస్తే ఏడాది నుంచి ఏడాదిన్నర, నాలుగు వస్తే రెండేళ్ళు దాటింది. రెండు పళ్ళు, నాలుగు పళ్ళ మేకలు కొనుక్కోండి. కింది కనురెప్ప లాగి చూడండి, లోపల గులాబీ రంగు ఉండాలి, తెల్లగా పాలిపోతే కడుపులో రక్తం తాగే నట్టలున్నట్టు. దవడ కింద నీటి తిత్తిలా వాపు ఉంటే కొనకండి. తోక కింద పారుడు అంటుకుని ఉందా, గిట్టలు సమంగా ఉన్నాయా, పొదుగు రెండు వైపులా మెత్తగా ఉందా చూడండి.

ఇంటికి తెచ్చాక మూడు వారాలు విడిగా ఉంచండి, ఇప్పటికే మీ దగ్గర మేకలుంటే ఇది తప్పనిసరి. పాతిక మేకలకు ఒక పోతు చాలు కాబట్టి పది మేకలకు సొంతంగా పోతును మేపడం కొందరికి దండగ అనిపిస్తుంది, పక్క రైతుతో కలిసి పెట్టుకున్నా తప్పులేదు. కానీ రెండేళ్ళకొకసారి పోతును మార్చండి, లేకపోతే అది తన కూతుళ్ళనే దాటుతుంది, పిల్లలు బలహీనంగా పుడతాయి.

నాలుగో అడుగు: మేకల ఏడాది

మేకకు 18 నుంచి 21 రోజులకొకసారి ఎద వస్తుంది. తోక ఆడిస్తూ ఊరికే అరుస్తుంటే అదే. పోతుతో కట్టిన రోజు నుంచి సుమారు 150 రోజులకు ఈనుతుంది, గోడ మీద తేదీ రాసిపెట్టుకోండి. ఆఖరి నెలన్నరలో చూడి మేకకు రోజుకు పావు కిలో దాకా దాణా, అంటే తౌడు, వేరుశనగ చెక్క, కొంచెం మొక్కజొన్న నూక కలిపి, మెల్లగా పెంచుతూ పెట్టండి. పాకలో మేకలు నాకడానికి ఒక మినరల్ ఇటుక వేలాడదీయండి.

ఈనేటప్పుడు తొందరపడి లాగకండి. నొప్పులు గట్టిగా మొదలై గంట గడిచినా ఏమీ కనబడకపోతే అప్పుడు డాక్టర్. పిల్ల పడగానే ముక్కు, నోరు తుడిచి తల్లి ముందు పెట్టండి, బొడ్డు కొసను టింక్చర్ అయోడిన్‌లో ముంచండి, అర గంటలోపు జున్నుపాలు తాగించండి. పుట్టిన పిల్లకు రోగాన్ని తట్టుకునే శక్తి ఆ పాల నుంచే వస్తుంది, ముందే రక్తంలో ఉండదు. చాలా ఇళ్ళలో మొదటి పాలు పిండి పారబోస్తారు, అది పిల్లను చేజేతులా పోగొట్టుకోవడమే. మాయ పడగానే తీసి లోతుగా పాతిపెట్టండి, కుక్కకు అందనివ్వకండి.

టీకాల్లో మొదటిది పి.పి.ఆర్., మన ఊళ్ళలో పారుడు రోగం అంటారు. మూడు నెలలు దాటిన పిల్లకు ఒకసారి వేస్తే సుమారు మూడేళ్ళు కాస్తుంది. చిటుకు రోగానికి ప్రతి ఏడూ వానలకు ముందే, మొదటిసారి వేయించినప్పుడు రెండు మూడు వారాలకు మరో డోసు. బాగా బలిసిన పిల్ల రాత్రి బాగుండి పొద్దునకు చచ్చి పడి ఉంటే చాలాసార్లు ఈ చిటుకు రోగమే. గొంతువాపు టీకా కూడా వానలకు ముందే. గాలికుంటుకు, మేకల మశూచికి మీ ఊరి పశువైద్యశాల ఎప్పుడు వేస్తుందో అడిగి ఆ రోజు మందను బయటికి పంపకుండా ఉంచండి.

నట్టల మందు వానలు మొదలయ్యే ముందు, వానల మధ్యలో తప్పకుండా తాగించాలి. అందరూ చేసే తప్పు ఏమిటంటే ఏళ్ళ తరబడి ఒకటే మందు, అదీ కంటి అంచనాతో తక్కువ మోతాదులో పోస్తారు, అప్పుడు నట్టలకు ఆ మందు అలవాటైపోతుంది. తూకం వేసి తాగించండి, మందు ఏది ఎప్పుడు మార్చాలో డాక్టర్‌ను అడగండి. చూడి మొదటి రెండు నెలల్లో ఆల్బెండజోల్ వద్దు, పిల్లకు ప్రమాదం.

ఐదో అడుగు: కోళ్ళు

గుడ్ల కోసమా, పిల్లల కోసమా అన్నది ముందు తేల్చుకోండి. నాటు పెట్ట ఏడాదికి అరవై దాకా పెడుతుంది, తక్కువే, కానీ తనే పొదుగుతుంది, తనే పిల్లలను గద్ద నుంచి కాపాడుతుంది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ పెరటి పెంపకానికి తయారుచేసిన వనరాజ, గ్రామప్రియ గుడ్లు ఎక్కువ పెడతాయి గానీ పొదగడం మీద వాటికి ధ్యాస ఉండదు. మేము ఇరవై నాటు పెట్టలు, ఎనిమిది గ్రామప్రియ, రెండు పుంజులు పెట్టుకుని, గ్రామప్రియ గుడ్లు ఇంటికీ అమ్మకానికీ, నాటు గుడ్లు పొదగడానికీ వాడతాం.

పొదుగు కూర్చున్న పెట్ట కింద పది పన్నెండు గుడ్లు చాలు. గంపలో ఇసుక, వరిగడ్డి, దాని మీద కొంచెం వేపాకు వేస్తే పేలు తగ్గుతాయి. ఏడో రోజు చీకట్లో టార్చి ముందు గుడ్డు పట్టి చూస్తే ఎర్రటి నరాలు సాలెగూడులా కనబడాలి, కనబడని గుడ్డు తీసేయండి. 21 రోజులకు పిల్లలు. మొదటి నెల గంప కింద మూసి పెట్టి, తల్లి ఉన్నప్పుడే బయట వదలండి. ఆ వయసులో వాటికి మంచి తిండి చెదలు: పాత కుండలో కొంచెం పేడ, గోనెసంచి ముక్క, ఎండు గడ్డి పెట్టి తడిపి చెదలున్న చోట బోర్లించి పెడితే ఒకటి రెండు రోజుల్లో కుండ నిండా చెదలు పడతాయి, పిల్లలు ఎగబడి తింటాయి.

నాటుకోడికి రోగాలు రావు అనే మాట నమ్మకండి. కొక్కెర తెగులు వచ్చిందంటే ఊరు ఊరంతా గూళ్ళు ఖాళీ అవుతాయి. దీనికి, పుట్టిన ఐదు నుంచి ఏడు రోజుల మధ్య లాసోటా టీకా కంట్లోనో ముక్కులోనో ఒక చుక్క, నాలుగో వారంలో మళ్ళీ, ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య రెక్క కింద ఆర్‌టుబి టీకా సూది. సీసాలు చాలా కోళ్ళకు సరిపడేంత పెద్దవి, కలిపాక రెండు గంటల్లో వాడేయాలి. అందుకే మా వీధిలో నాలుగిళ్ళు కలిసి ఒకే రోజు వేసుకుంటాం. సీసాను ఐస్ పెట్టిన ఫ్లాస్కులోనే తేవాలి, ఎండలో చొక్కా జేబులో తెచ్చిన టీకా వేసినా వేయనట్టే.

పగలు కోళ్ళు మేకల మధ్య తిరగడం మంచిది, మేకల ఒంటి మీద నుంచి రాలిన పిడుదులను ఏరి తింటాయి. రాత్రి మాత్రం మేకల పాకలో కొమ్మల మీద పడుకోనివ్వకండి, రెట్ట మేతలోనూ నీళ్ళ తొట్టిలోనూ పడుతుంది. సాయంత్రం గూటి దగ్గరే పిడికెడు గింజలు వేయడం అలవాటు చేస్తే వాటంతట అవే వస్తాయి.

ఆరో అడుగు: కుక్క

మందను కాసే కుక్క అనగానే మంచు దేశాల బొచ్చు కుక్కల ఫొటోలు చూసి ముచ్చట పడేవాళ్ళున్నారు. దయచేసి వద్దు. ఆ ఒత్తు బొచ్చుతో మన మే నెలలో ఆ జీవం పడే బాధ చూడలేరు. మన దగ్గర మన కుక్కలున్నాయి. కర్నూలు జిల్లా పందికోన కుక్కలు ధైర్యానికి పేరు పడ్డవి. కొల్లేరు చుట్టుపక్కల జోనంగి కుక్కలు బాతుల మందలను తోలేవి, చేపల చెరువులు వచ్చి ఆ బాతుల పెంపకం తగ్గాక అవీ తగ్గిపోయాయి. ఇవేవీ దొరక్కపోయినా మందల వెంట తిరిగే మామూలు ఊరికుక్క పిల్ల చాలు. తల్లి మంద దగ్గర పడుకునేదై ఉండాలి, నేను చూసేది అదొక్కటే. రెండు పిల్లలను ఒకేసారి తేకండి, వాటి ఆటలో అవి పడి జీవాలను పట్టించుకోవు. మొదటిది ఏడాదిన్నర దాటాక రెండోది తెస్తే పెద్దది చిన్నదానికి నేర్పుతుంది.

రెండు నెలల పిల్లను తెచ్చి మేకల పాక పక్కనే, వల అవతల పడుకోబెట్టండి. ఇంట్లో పిల్లలతో ఎక్కువసేపు ఆడనివ్వకండి, కానీ మనిషి చేతికి అలవాటు పడాలి, లేకపోతే టీకా వేయడానికీ దొరకదు. నెల తర్వాత మీరు దగ్గర ఉన్నప్పుడు సాధువైన పెద్ద మేకల మధ్య వదలండి. దూకితే మేకే ఒక పోటు పొడుస్తుంది, ఆ పాఠం మనం చెప్పలేం. కోళ్ళ దగ్గర తాడు పట్టుకుని తిప్పండి, చూపు కోడి మీద నిలిచిన క్షణంలోనే గట్టిగా వద్దనండి, పరిగెత్తాక అరిచి లాభం లేదు. ఆరు నెలల నుంచి ఏడాది దాకా కష్టకాలం. మేకపిల్ల చెవి లాగుతుంది, కోడిని తరుముతుంది, ఆటే గానీ ఆటలోనే ప్రాణం పోతుంది. ఆ వయసులో చిన్న పిల్లలున్న పాకలో ఒంటరిగా వదలకండి. కొట్టొద్దు. కొట్టిన కుక్క మీ ముందు మాత్రమే బుద్ధిగా ఉంటుంది.

తిండి రాగి సంకటి, అన్నం, మజ్జిగ, ఉడికించిన గుడ్డు, ఉడికించిన మాంసం. ఈ ఉడికించడం దగ్గర మాత్రం రాజీ పడకండి. చచ్చిన కోడిని, కోసిన మేక పేగులను, తలను, మాయను పచ్చిగా కుక్కకు వేయడం మన ఊళ్ళలో మామూలు. మేక మెదడులోనో ఊపిరితిత్తుల్లోనో ఉన్న నీటి బుడగలను కుక్క తింటే అవి దాని పేగులో బద్దె పురుగులవుతాయి, ఆ గుడ్లు కుక్క పెంటతో మేతలో పడి మళ్ళీ మేకలోకి పోతాయి. మేక తల ఒక పక్కకు వాల్చి ఒకే వైపు గిర్రున తిరుగుతుంటే మెదడులో ఆ బుడగ ఉన్నట్టు అనుమానించాలి. ఈ పురుగుల్లోనే ఇంకో రకం మనిషి కాలేయంలోనూ బుడగలు పెడుతుంది. కాబట్టి పచ్చిది ఏదీ వేయకండి, చచ్చినవాటిని లోతుగా తవ్వి సున్నం చల్లి పూడ్చండి, కుక్కకు మూడు నెలలకొకసారి ప్రాజిక్వాంటెల్ ఉన్న నట్టల మాత్ర వేయండి, మేత వామి మీద కుక్కను పడుకోనివ్వకండి.

టీకాలు: ఆరు నుంచి ఎనిమిది వారాల్లో పార్వో, డిస్టెంపర్ అనే కుక్కల రోగాలకు కలిపి వేసే టీకా, తర్వాత డాక్టర్ చెప్పిన డోసులు, మూడు నెలలకు రేబిస్, ఆపైన ప్రతి ఏటా. రాత్రిళ్ళు ఊరకుక్కలతో, నక్కలతో తలపడే కుక్కకు రేబిస్ టీకా మరచిపోవడం అంటే ఇంటిల్లిపాది ప్రాణంతో ఆడుకోవడం. ఏ కుక్క కరిచినా, గీరినా పంపు కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి, మన కుక్కే కదా అనుకోవద్దు. ఆడకుక్కకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించండి, లేకపోతే ఎదకు వచ్చినప్పుడల్లా ఊళ్ళో మగకుక్కలన్నీ మీ కంచె చుట్టూనే ఉంటాయి.

అమ్మకం, లెక్క

బక్రీద్‌కు, దసరాకు, ఊరి జాతరకు పోతుపిల్లలు, సంక్రాంతికి కోళ్ళు. ఆ తేదీల నుంచి వెనక్కి లెక్కేసుకుని కట్టించండి, పొదిగించండి. మేకను తూకం వేసి అమ్మండి, చేతితో ఎత్తి చూసి ధర చెప్పే బేరానికి ఒప్పుకోకండి. కేంద్రం ఇచ్చే పశుగణ మిషన్ సబ్సిడీలో మేకల యూనిట్ వంద ఆడ మేకలు, ఐదు పోతుల నుంచి మొదలవుతుంది, మన పదికి అది వర్తించదు. దాని కోసం అప్పు చేసి వంద మేకలు దించిన ఇళ్ళను చూశాను. మేత లేదు, మనుషులు లేరు, రెండో వానాకాలం దాటలేదు.

ఒక నోటుపుస్తకం పెట్టండి. ఏ మేక ఎప్పుడు కట్టింది, ఎప్పుడు ఈనింది, ఏ టీకా ఏ రోజు, ఎన్ని గుడ్లు. పాక గోడ మీద పెద్ద అక్షరాలతో 1962 అని రాసి పెట్టండి, ఆంధ్రలోనూ తెలంగాణలోనూ పశువుల అంబులెన్స్ నంబరు అదే, మేక ఈనలేక అరుస్తుంటే చేతులు వణుకుతూ ఫోన్‌లో వెతుక్కోనవసరం లేదు. సాయంత్రం తలుపులు వేసేటప్పుడు ఇద్దరూ విడివిడిగా లెక్కపెట్టండి. మా ఇంట్లో నేను మేకలు లెక్కపెడతాను, మా అమ్మ కోళ్ళు లెక్కపెడుతుంది, తర్వాత ఇద్దరం మార్చుకుని మళ్ళీ లెక్కపెడతాం. రెండు లెక్కలూ కలిశాకే కుక్క గొలుసు విప్పుతాం.